వెఱ్ఱి నారు

మన పాఠశాల సంచికకు పూర్వవిద్యార్థిగా ఏదైన వ్రాయుమని సంపాదకులు కోరిరి. ముప్పది సంవత్సరములకు పైగా వృక్షశాస్త్రము బోధించినవాడను గనుక, మొక్కల పెరుగుదలను శాసించు హార్మోనులను గుఱించి నాలుగు మాటలు వ్రాయుదునని ఒప్పుకొంటిని. కాని కలము పట్టి కూర్చుండగానే ఆ శాస్త్రమునకు ముందు ఒక ఆకుమడి నా కన్నుల యెదుట నిలిచినది. అది 1966వ సంవత్సరపు సార్వా నాటి మా ఆకుమడి. దాని సంగతి చెప్పక తక్కినది చెప్పుట నాకు సాధ్యము కాలేదు. నా తల్లిదండ్రులిద్దరును ఇప్పుడు లేరు గనుక దాచవలసిన పనియు లేదు.

మా గ్రామము ఆచంటకు రెండు కోసుల దూరమున, కాలువగట్టు నంటి యున్నది. మా తండ్రిగారు మూడెకరముల భూమిని మక్తాకు చేయుచుండిరి. అప్పటికి నాకు పండ్రెండేండ్లు. ధవళేశ్వరము ఆనకట్టనుండి కాలువలకు నీరు వదలిన కొలది దినములకు, గ్రామసేవకుడు మా యింటికి వచ్చి ఒక కాగితపు పొట్లమిచ్చెను. అందలి పొడిని పొడివిత్తనములకు బాగుగా పట్టించి, ఆ పిమ్మటనే నానబోసి మండె కట్టవలెనని చెప్పెను. మా తండ్రిగారు ఆ పని నాకొప్పగించి దమ్ము చేయుటకు చేనికి పోయిరి.

ఆ పొడి వాసన నాకు గిట్టలేదు. అది విషమనియు, చేతులు బాగుగా కడుగుకొనవలెననియు గ్రామసేవకుడు చెప్పిన మాట నన్ను మఱింత భయపెట్టెను. అదియునుగాక నా మిత్రులు కాలువలో ఈతకు పిలుచుచుండిరి. నేను పొట్లము విప్పనైన విప్పక, బోదెగట్టున ఒక మూల గోయి తీసి అందులో పెట్టి మన్ను కప్పితిని. సాయంకాలము మా తండ్రిగారు వచ్చి "కలిపావా?" అని యడుగగా "కలిపాను నాన్నా" అంటిని. చేతులు కడుగుకొన్నానా అని కూడ అడిగిరి. అవి మూడు గంటలు కాలువలో నానిన చేతులు. మిక్కిలి శుభ్రముగా నుండెను.

ఇరువది దినములకు ఆకుమడిలో అక్కడక్కడ కొన్ని మొక్కలు తక్కినవానికంటె బెత్తెడు పొడవుగా లేచినవి. సన్నగా, లేత పసుపుపచ్చగా, గాలికి ఊగుచు చూచుటకు ముచ్చటగా నుండెను. మందు పెట్టకపోయినను, కాదు, పెట్టకపోవుటచేతనే మా ఆకు అందరి ఆకుకంటె ఏపుగా పెరిగినదని నాలో నేను మురిసిపోతిని. తరగతిలో అందరికంటె పొట్టివాడనగుటచేత పొడవైన దేదైనను నాకు గొప్పగా తోచెడిది. ఆ మొక్కలలో మిక్కిలి పొడవైనవి నాలుగు పెఱికి తడిగుడ్డలో చుట్టి బడికి తీసికొనిపోయి సైన్సు మాష్టారి బల్లపై పెట్టితిని.

వారు వానిని వెలుతురునకు పట్టి చూచి, మొదలు చిదిమి, మన పాఠశాలలో నాడున్న ఒకే ఒక సూక్ష్మదర్శినిని బీరువానుండి తీయించిరి. మొదటి కణుపు వద్ద బూజు పట్టియున్నది. "ఇది బలము కాదోయి, జబ్బు. జపానువారు దీనిని బకనే అంటారు. అంటే వెఱ్ఱి నారు. పొడుగ్గా పెరిగి చస్తుంది, లేదా బతికి తాలు పండుతుంది" అని చెప్పి, నావైపు తిరిగి "మీ యింట్లో విత్తనానికి మందు పట్టించారా?" అని యడిగిరి. "పట్టించామండీ" అంటిని. అది రెండవ అబద్ధము.

ఆ వారమే బైబిలు తరగతిలో గోధుమలలో గురుగులు విత్తిన పగవాని ఉపమానము వచ్చెను. అందరు నిద్రించు వేళ వచ్చి విత్తిపోయినవాడు ఎవరని అయ్యగారు ప్రశ్నించినప్పుడు తక్కిన బాలురు చేతులెత్తిరి. నేను ఎత్తలేదు.

మాష్టారు చెప్పినట్లే జరిగినది. పొడవైన మొక్కలలో కొన్ని ఆకుమడిలోనే ఎండిపోయెను. మిగిలినవాటిని ఏరి పాఱవేయవలెనని మాష్టారు చెప్పిన మాట నేను ఇంట చెప్పలేదు. చెప్పినచో మందు సంగతి వచ్చునని భయము. అవి కూడ ఊడ్పులలో కలిసిపోయెను. చేనిలో పిలకలు వేయక, పై కణుపులనుండి నీటి వేళ్ళు దింపుచు, ఒంటికాళ్ళపై కొంగలవలె నిలిచెను. చాల దుబ్బులు చచ్చి ఖాళీలు పడెను. నిలిచినవాని వెన్నులలో గింజకు బదులు తాలు. పంట కొలిచిననాడు మక్తా బస్తాలకే చాలలేదు. లోటు తీర్చుటకు మా అమ్మ పాడిగేదెను అమ్మవలసి వచ్చెను. నా చెల్లెలికి అప్పుడు మూడేండ్లు. కొన్నవాడు గేదెను తోలుకొనిపోవుచుండగా మా అమ్మ వీధిగుమ్మమువఱకు వచ్చి, మఱల లోపలికి పోయి, ఆ దినమంతయు ఎవరితోను మాటాడలేదు.

ఇక ఆ వెఱ్ఱి నారు కథ. అది తరువాత నేను రాజమహేంద్రవరమున కళాశాలలో చదువునపుడు తెలిసికొన్నది. ఆ అధ్యాయమును నేను తక్కినవారివలె చదువలేదు.

జపాను రైతులు ఈ తెగులును చిరకాలముగా నెఱుగుదురు. 1898లో హోరి అను శాస్త్రజ్ఞుడు ఇది ఒక శిలీంధ్రమువలన కలుగునని నిరూపించెను. మన మదరాసు రాజధానిలో ఈ తెగులును 1931లో కె. యం. థామసుగారు వ్యవసాయ పత్రికలో వర్ణించిరి. కాని శిలీంధ్రము పట్టిన మొక్క క్షీణింపవలెను గాని పెరుగనేల? నాడు జపాను పాలనలో నుండిన తైవాను ద్వీపమున సవాదా అను నాతడు, శిలీంధ్రమే ఏదో ద్రవ్యమును విడుచుచుండవచ్చునని 1912లో ఊహించెను. అదే ద్వీపమున 1926లో కురొసావా ఆ ఊహను పరీక్షించెను. శిలీంధ్రమును ద్రవములో పెంచి, ఆ ద్రవమును వడకట్టి, శిలీంధ్రము లేశమైనను లేని ఆ తేటను ఆరోగ్యముగానున్న వరిమొక్కలకు పెట్టెను. అవియు వెఱ్ఱిగా పెరిగెను. అనగా రోగి లేడు, రోగము మాత్రము సీసాలో నున్నది. ఇంత సరళమైన ప్రయోగము ఇంత గొప్ప సంగతిని చెప్పుట శాస్త్రచరిత్రలో తఱచుగా జరుగదు.

పిమ్మట టోకియో విశ్వవిద్యాలయమున యబుటా అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ ద్రవ్యమును వేఱుపఱుపబూనెను. ఆయనకు మొదట చిక్కినది మొక్కలను పెంచుటకు మాఱుగా కుంగదీయు వేఱొక ద్రవ్యము! మఱొకడైనచో అంతటితో విసిగి విడిచిపెట్టియుండును. ఆయన శిలీంధ్రమునకు పెట్టు ఆహారమును మార్చి మఱల ప్రయత్నించి, 1935లో తనకు కావలసినదానిని పొంది, జిబ్బరెల్లా అను శిలీంధ్రపు పేరునుబట్టి దానికి జిబ్బరెల్లిను అని నామకరణము చేసెను. 1938లో సుమికితో కలిసి దానిని స్ఫటికములుగా చేసెను. రెండవ ప్రపంచయుద్ధము ముగియువఱకు పాశ్చాత్యులు దీనిని పట్టించుకొననే లేదు. 1950 తరువాత ఇంగ్లండు, అమెరికా పరిశోధనాలయములు మేల్కొని జిబ్బరెల్లికామ్లమును తయారుచేసినవి. అమెరికాలో ఫిన్నీ అనువాడు పుట్టుకతోనే మరుగుజ్జైన మొక్కజొన్నకు దానిని పెట్టగా, ఆ మరుగుజ్జు మామూలు మొక్కయంత పెరిగెనని 1956లో తెలిపెను. ఆ మొక్కకు కొఱవడినది ఇదియే యైనచో, మంచి మొక్క తనంతట తానే దీనిని చేసికొనుచుండవలెను గదా! 1958లో చిక్కుడు జాతి యొక్క లేతగింజలనుండి ఆ ద్రవ్యమే లభించుటతో ఆ సంగతి స్థిరపడెను. శిలీంధ్రము మొక్కకు క్రొత్త విషమేమియు పెట్టలేదు. మొక్క తాను గోరంత చేసికొను దానినే కొండంతగా పెట్టినది. నేటికి నూటముప్పదికి పైగా జిబ్బరెల్లినులు కనుగొనబడినవి.

అంతకుముందు కనుగొనబడినది ఆక్సిను. దాని కథ ప్రతి పాఠ్యపుస్తకమునను గలదు గనుక క్లుప్తముగా చెప్పెదను. 1880లో డార్విను, ఆయన కుమారుడు ఫ్రాన్సిసు, గడ్డిమొలక కొనకు చిన్న టోపీ పెట్టగా అది వెలుతురువైపు వంగుట మానెనని చూచిరి. చూచునది కొన, వంగునది క్రిందిభాగము. నడుమ ఏదో వార్త పోవుచున్నది. హాలెండులో వెంటు అను యువకుడు 1926-28 సంవత్సరములలో ఆ వార్తను అగరు ముక్కలలోనికి దింపి పట్టుకొనెను. కోగల్ అను రసాయనవేత్త దానిని మనుష్యుల మూత్రమునుండి వేఱుపఱచెను. ఈ మాట చెప్పినప్పుడెల్ల నా తరగతిలో నవ్వులు చెలరేగెడివి. నేను వలదనెడివాడను కాను. ఆ కోగలే మొదట ప్రకటించిన రెండు ఆక్సినులు తరువాత ఎవరికిని మఱల దొరకలేదు. అట్టివి లేనే లేవని నేడు అందరు నమ్ముదురు. 1934లో వెలువడిన ఇండోల్ ఎసిటిక్ ఆమ్లము మాత్రము నిలిచినది. కడియము నర్సరీలకు పోయి, కొమ్మముక్క మొదలును పొడిలో అద్ది నాటు కూలీలను చూచినచో, దాని సంతతివారు మన ప్రాంతమున ఏమి చేయుచున్నదియు తెలియును.

మన డెల్టా ప్రజలు పేరెఱుగకయే వాడిన హార్మోనులు మఱి రెండు గలవు. అరటిగెలలను గదిలో పెట్టి పొగవేసి మాగబెట్టుట మన పెద్దల పద్ధతి. ఆ పొగలో పనిచేయునది ఇథిలీను అను వాయువు. రష్యాలో నెల్యుబోవు 1901లో బఠాణీమొలకలు వీధిదీపపు వాయువుచే వంకరపోవుట గుఱించి పరిశీలించి ఇథిలీనును గుర్తించెను. పండ్లు స్వయముగా దానిని విడుచునని 1934లో తేలినది. కార్బైడుతో మాగబెట్టుట నేడు చట్టరీత్యా నిషిద్ధము. అయినను మానని వర్తకులున్నారు. రెండవది మన కోనసీమ కొబ్బరినీరు. 1941లో వాన్ ఓవర్‌బీక్ ఉమ్మెత్తజాతి పసిపిండములను గాజుపాత్రలో పెంచుటకు దానిని వాడి కృతార్థుడయ్యెను. కణములను విభజింపజేయు సైటోకైనినులను వెదకుటకు ఆ నీరు దారి చూపినది. దేవుని ప్రసాదమునకు కొట్టిన కాయలోని నీటిని వాకిట పాఱబోయునప్పుడు ఈ సంగతి ఎవరికి తోచును!

మఱల వరికి వత్తును. నా బాల్యమున మా ప్రాంతపు చేలలో అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, రసంగి మొదలగు పొడవువరులుండెడివి. ఎరువు ఎక్కువ వేసినచో మఱింత ఎత్తు పెరిగి, వెన్ను బరువుకు ఆగలేక, కార్తీకమాసపు గాలివానకు చేను చాపవలె పఱచుకొనిపోయెడిది. నీళ్ళలో పడిన గింజ మొలకెత్తెడిది. అందుచేత రైతు ఎరువు వేయుటకు జంకెడివాడు, వేయనిచో పండదు.

ఫిలిప్పీన్సు దేశమున 1960లో నెలకొల్పబడిన అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1962లో ముప్పదియెనిమిది సంకరములు చేసిరి. అందు ఎనిమిదవది పేటా అను పొడవురకమునకును, తైవానునుండి వచ్చిన డీ-జియో-వూ-జెన్ అను పొట్టిరకమునకును కలిపినది. రెండవతరమున నాలుగింట ఒకవంతు మొక్కలు పొట్టివైనవి. మెండెలు సూత్రము ఎఱిగినవారికి ఇది ఒకే జీను పని యని వెంటనే తెలియును. ఆ సంకరమునుండి ఏర్చి తీసిన ఐఆర్-8 అను వంగడము 1966 నవంబరులో విడుదలయైనది. మా యింట తాలు తూర్పారబట్టుచున్న దినములు కూడ అవియే. 1967లో మా పొరుగుననే ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు ఆ విత్తనమును వేసిరి. తరువాత ఆయనను ఐఆర్-8 సుబ్బారావుగారనియే పిలుచువారు. చుట్టుపట్ల గ్రామములవారు బండ్లు కట్టుకొని ఆ చేను చూడబోయిరి. మేమును పోతిమి. నడుమెత్తు పైరు, నిలువు ఆకులు, పిడికిట పట్టని దుబ్బు; వెన్ను వంగినను కాండము వంగలేదు.

మా గ్రామస్థులు పెదవి విఱిచిరి. గడ్డి పొట్టి, పశువులకేమి వేయుదుమనిరి. బియ్యము లావు, అన్నము చల్లారిన గట్టిపడుననిరి. రెండు ఆక్షేపణలును నిజమే. తెగుళ్ళకు అది లొంగుటయు తరువాత కన్నారమైనది. తిరిగివచ్చునపుడు మా తండ్రిగారు కాలువగట్టున చాలసేపు మాటాడక నడచి, "పొడుగు చూసి ఒకసారి మోసపోయాం. గేదె ఎలాగూ లేదు. ఎడ్లకి ఈ గడ్డి చాలు" అనిరి. నేను వెనుక నడచుచుంటిని. 1968 దాళ్వాలో మా మూడెకరములలోను పొట్టివరి వేసితిమి. ఆ పంటతో పాతబాకీ తీరినది. గేదెను మాత్రము కొనలేదు. చెల్లెలు అప్పటికి పాలడుగు వయస్సు దాటినది.

ఆ పొట్టితనమునకు కారణము 2002వ సంవత్సరమువఱకు తెలియలేదు. ఆ యేట వేఱువేఱు పరిశోధక బృందములు ఆ జీనును పట్టుకొని చూడగా, అది జిబ్బరెల్లినును తయారుచేయు ఒక ఎంజైమునకు సంబంధించినదిగా తేలెను! డీ-జియో-వూ-జెన్‌లో ఆ జీను చెడిపోయియున్నది. కాండమునకు జిబ్బరెల్లిను చాలక అది పొట్టిగా నుండును. వెన్నులో పనిచేయు జీను వేఱొకటి యుండుటచేత గింజకు లోపము లేదు. ఈ వార్త చదివిననాడు నేను పదవిలోనే యుంటిని. ఉపాధ్యాయుల గదిలో ఆ కాగితమును మూడుసారులు చదువుకొంటిని. మా గేదెను అమ్మించినది ఏ ద్రవ్యమో, మా బాకీ తీర్చినదియు దాని కొఱతయే. ఎక్కువైన కథ తెలిసినది తైవానులో. తక్కువైన మొక్క వచ్చినదియు తైవానునుండియే. పక్కనున్న లెక్కల మాష్టారికి ఇదంతయు వివరింపబోగా ఆయన టీ చల్లారుచున్నదనిరి.

1925 నుండి మా ప్రాంతమున నున్న మారుటేరు వరి పరిశోధన స్థానమువారు 1982లో స్వర్ణ అను వంగడమును విడుదల చేసిరి. ఇదియు పొట్టివరియే, మన డెల్టాను దాటి ఒరిస్సా, బెంగాలు దేశములవఱకు వ్యాపించినది. అది మా గ్రామమునకు వచ్చిన క్రొత్తలో, నేను వేసవి సెలవులకు పోయి ఇంకను బడి తెఱవని దినములలో ఇంటనుంటిని. మా తండ్రిగారికి చూపు తగ్గినది. విత్తనపు బస్తా విప్పి, అరుగుమీద గుడ్డపై పోసి, కార్బెండజిము పొట్లము నా చేతికిచ్చి, "ఈసారి నువ్వే కలుపు" అనిరి.

ఆ "ఈసారి" అను మాట విని నేను నిలువున నీరైతిని. పదునెనిమిదేండ్లు దాచినది ఆ అరుగుమీదనే చెప్పివేసితిని. పొట్లము పూడ్చితిననియు, మాష్టారు చెప్పిన మాట దాచితిననియు, అది పాదరసపు మందు గనుక, ఆ గట్టుమన్నును గూర్చి కూడ నాకు దిగులుగా నున్నదనియు చెప్పితిని. చివరి మాట అప్రస్తుతమని అప్పుడే తోచినది గాని నోట వచ్చినది రాకమానలేదు.

వారు విత్తనములను చేతితో సమముగా సర్దుచుండిరి. "తెలుసురా" అనిరి. "ఆ యేడే బోదె పూడిక తీస్తుంటే పొట్లం పారకి తగిలింది. విప్పనన్నా విప్పలేదు నువ్వు." కొంతసేపటికి, వంటయింటివైపు ఒకసారి చూచి, గొంతు తగ్గించి, "మీ అమ్మతో మాత్రం చెప్పకు. దానికి ఆ గేదె మీద దిగులు ఇంకా పోలేదు" అనిరి.

నేను పొట్లము విప్పి, విత్తనములపై చల్లి, రెండు చేతులతోను కలుపనారంభించితిని.